కవరు కట్టమన్నది ఆయన కాదు

మా ల్యాబ్ తాత పోయాడని నాకు ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పైన ఎవరో పెట్టిన గుడ్‌మార్నింగ్ గులాబీ, కింద బాయిలర్ షిఫ్టు మార్పు. ఆ రెంటి మధ్య ఒక లైను: "మన పాత ల్యాబ్ అటెండరు నిన్న చిత్తూరులో చనిపోయినారంట. గుండెనొప్పి." దాని కింద వరసగా దండం బొమ్మలు. వేలు ఒకసారి ఆనిస్తే దండం పడుతుంది. ఒక మనిషి చావుకి ఇంతకంటే తక్కువ కష్టపడటం ఎవరి వల్లా కాదు.

మూడో రోజు క్యాంటీన్‌లో సంతాపసభ పెట్టారు. ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో ఓనరు నిలువెత్తున ఉన్నాడు. ఓనరు కొడుకు నల్లకళ్ళద్దాలతో ఉన్నాడు. ఓనరు బామ్మర్ది, అంటే మా సూపర్‌వైజరు, చేతులు కట్టుకుని ఉన్నాడు. చచ్చిపోయినాయన మాత్రం కింద మూలన, పోస్టు స్టాంపు అంత. మామిడికాయల లోడుతో వచ్చిన డ్రైవరు ఒకడు లోపలికి తొంగిచూసి, "ఓనరు పోయినాడా అన్నా?" అని నన్నే అడిగాడు. ఆయనకేం, బాగానే ఉన్నాడని చెప్పాను.

సూపర్‌వైజరు మైకు పట్టుకున్నాడు. "ఆయన తెలిసో తెలీకో ఒక పెద్ద పొరపాటు చేసినాడు. దాని వల్ల మనకు ఒక ట్యాంకు పోయింది. అయినా మనిషి మంచోడప్పా. పోయినోళ్ళ మీద మనం ఏమీ పెట్టుకోకూడదు" అన్నాడు. కొందరు తలలూపారు. తరవాత అందరికీ టీ, సమోసా.

ఆ పొరపాటు ఆయనది కాదు. చేయించింది ఆ మైకు పట్టుకున్నవాడు. చేసింది నేను. ఆయన దాన్ని తన నెత్తిన వేసుకుంటుంటే పక్కనే నోరు మూసుకుని నిలబడిందీ నేనే. ఏడాది పాటు ఆ అబద్ధం మీద నా ఉద్యోగం నిలబడింది. ఇది అచ్చయ్యాక నిలబడదు. తెలిసే రాస్తున్నాను. నేను ఇంటర్ తప్పినవాణ్ణి, మనుషుల్ని పొగిడి రాయడం నాకు రాదు. ఆయన మీద పడిన మచ్చ ఒకటి ఉంది, దాన్ని తుడవడానికి మాత్రమే ఈ కాగితం.

మాది పూతలపట్టు దారిలో ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. సీజన్ మూడు నెలలూ తోతాపురి లారీలు గేటు నుంచి రోడ్డు దాకా నిలబడతాయి. నేను ట్యాంకుల ఆపరేటర్ని. గుజ్జు పోసే స్టీలు ట్యాంకుల్ని ఆవిరితో కడగడం, నీళ్ళతో చల్లార్చడం, మళ్ళీ నింపడం నా పని. తాత చిత్తూరులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో నలభై ఏళ్ళు అటెండరుగా చేసి రిటైరయినవాడు. చదివింది ఏడో తరగతి. సీజన్లో మా ఫ్యాక్టరీ ల్యాబుకి గాజు సామాను కడగడానికని తెచ్చుకున్నారు. ల్యాబులో ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ పని గుజ్జు పులుపు లెక్క తీయడం. వాళ్ళు ఏసీ కింద కుర్చీలో వెనక్కి వాలి, నిన్నటి అంకెకు అటూ ఇటూ ఒక అంకె మార్చి రాసేవాళ్ళు. అసలు లెక్క తాత తీసేవాడు. ఎవరూ తీయమనలేదు. తప్పు అంకె కాగితం మీద ఉంటే ఆయనకు అన్నం సయించదు, అంతే.

ఆయన దగ్గరికి నేను చదువు కోసం వెళ్ళలేదు, చల్లనీళ్ళ కోసం వెళ్ళాను. నా చంకలో తిరుపతిలో పాత పుస్తకాల అంగట్లో కొన్న ఇంటర్ గైడు ఉంది. రెండేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. బట్టీ పట్టడం వచ్చింది కానీ లోపలికి పోలేదు.

"ఏందప్పా అది?" అన్నాడు తాత.

"వాయువుల పాఠం తాతా."

"అర్థమయిందా?"

"కాలేదు."

"కాదు. పుస్తకంలో అచ్చుండాది గానీ గాలి యాడుండాది? ఇట్రా."

గుండ్రటి ఫ్లాస్కు ఒకటి తీసుకుని, మూతికి గాజుగొట్టం దిగేసిన బిరడా బిగించాడు. దాన్ని తలకిందులు చేసి గొట్టం చివర నీళ్ళ తొట్టిలో ముంచాడు. "రెండు చేతులా పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. నా చేతుల వేడికే గొట్టంలోంచి బుడగలు నీళ్ళలోకి బుడుంగుమన్నాయి.

"సూసినావా? వేడయ్యేసరికి గాలికి ఇల్లు సాలలేదు. బయటికి పోతా ఉండాది. ఇప్పుడు వదులు."

చేతులు తీశాను. కాసేపటికి తొట్టిలోని నీళ్ళు గొట్టంలో పైకి ఎక్కడం మొదలుపెట్టాయి.

"నీళ్ళని ఎవురు ఎక్కించినారు?"

"లోపలి గాలి లాగింది తాతా."

"తప్పు. గాలికి లాగేదానికి చేతులుండాయా, కొక్కెముండాదా? లోపల గాలి తగ్గింది, బయట గాలి తోసింది. లాగేదాన్ని ఎతకద్దురా, తోసేదాన్ని ఎతుకు."

గైడులో ఆ పాఠం పదకొండు పేజీలు. ఆయన చెప్పింది పది నిమిషాలు. ఆ రోజు ట్యాంకుల దగ్గరికి తిరిగి వెళ్తుంటే పైపులు, వాల్వులు, గేజీలు అన్నీ నాతో మాట్లాడుతున్నట్టు అనిపించింది. జీతం ఇచ్చే ఏ ఒక్కడూ, మార్కులు ఇచ్చిన ఏ ఒక్కడూ నాకు ఆ సంగతి చెప్పలేదు. వాళ్ళకు తెలియక కాదు. మాకు చెప్పడం దండగని.

తాత గాజు కడగడంలో ఒక పట్టుదల ఉండేది. కడిగిన ఫ్లాస్కుని వెలుతురుకు ఎత్తి చూసేవాడు. నీళ్ళు పలచటి పొరలా జారిపోతే పని అయిపోయినట్టు. ఎక్కడైనా బొట్టు నిలబడితే, "ఇంకా మురికి ఉండాది" అని మళ్ళీ సోడా నీళ్ళలో వేసేవాడు. కొలత చూసేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చునేవాడు. సన్నటి గొట్టంలో నీళ్ళు అంచుల వెంట పైకెక్కి నడుమ గుంట పడతాయి. ఆ గుంట అడుగును కంటికి సమానంగా పెట్టుకుని చూడాలి. నిలబడి పైనుంచి చూస్తే అంకె మారిపోతుంది. "నీళ్ళు నీ ఎత్తుకు రావప్పా, నువ్వే దిగల్ల" అనేవాడు. డెబ్బై ఏళ్ళ మనిషి రోజుకు ముప్పైసార్లు దిగేవాడు. పక్కన పాతికేళ్ళవాళ్ళు కుర్చీలోంచి మెడ కూడా చాచేవాళ్ళు కాదు.

అయితే ఆయనలో నేను అసహ్యించుకున్నది కూడా ఒకటుంది. చెప్పకుండా దాటేస్తే ఇది కూడా ఫ్లెక్సీ లాంటిదే అవుతుంది. మడత నలగని చొక్కా వేసుకున్న ఎవడు లోపలికి వచ్చినా ఆయన లేచి నిలబడేవాడు. చేతిలో అన్నం ముద్ద ఉన్నా సరే. ఓనరు కొడుకు ఫోనులో మాట్లాడుతూ ల్యాబుకి ఈ తలుపులోంచి వచ్చి ఆ తలుపులోంచి పోతే, వాడు ఈయన్ను చూడను కూడా చూడకపోయినా, ఈయన ముద్ద పట్టుకుని నిలబడే ఉండేవాడు.

ఒకసారి కాలేజీ రోజుల సంగతి చెప్పాడు. ఒక లెక్చరరు ఆక్సిజన్ చేసి చూపిస్తున్నాడట. ఫ్లాస్కు వేడి చేస్తే వాయువు గొట్టం వెంట వచ్చి నీళ్ళ కిందున్న జాడీలోకి చేరుతుంది. పని అయ్యాక ముందు గొట్టాన్ని నీళ్ళలోంచి తీయాలి, తరవాతే మంట ఆర్పాలి. ఆ మహానుభావుడు ముందు మంట ఆర్పాడు. ఫ్లాస్కు చల్లబడింది, నీళ్ళు గొట్టం వెంట వెనక్కి పరుగెత్తి కాలే గాజులో పడ్డాయి. ఫటేల్మని పగిలింది. క్లాసంతా నవ్వింది.

"అప్పుడా సారు నా తట్టు తిరిగి, 'నాసిరకం ఫ్లాస్కు తెస్తావా?' అని అరిసినాడు" అన్నాడు తాత నవ్వుతూ.

"నువ్వేమన్నావు?"

"తప్పయిపోయింది సార్ అన్నాను."

"ఎందుకన్నావు తాతా! వాడి తెలివితక్కువకి నువ్వెందుకు తప్పు ఒప్పుకోవల్ల?"

"అంతమంది పిల్లోళ్ళ ముందర ఆయన పరువు పోదా? మర్నాడు పాఠం సెప్పేది ఆయనే గదా."

"నీకు పరువు లేదా?"

"గమ్మునుండరా. గాజు ముక్కలు ఎత్తేటోడికి పరువేంది!"

ఆ రోజు ఆయనతో మాట్లాడటం మానేశాను. నాలుగు రోజులు చల్లనీళ్ళకు కూడా వెళ్ళలేదు. ఇలాంటివాళ్ళు వంగబట్టే పైవాళ్ళు మన వీపుల మీద కూర్చున్నారని తిట్టుకున్నాను.

పోయిన సీజన్లో ఈగల గొడవ వచ్చింది. మామిడి కుళ్ళు వాసనకి ఈగలు రావడం వింత కాదు. కానీ గుజ్జు కొనే కంపెనీ తరఫున తనిఖీకి వచ్చినాయనకు ఒక ట్యాంకు మీద ఈగ కనిపించింది. ఆయన వెళ్ళగానే సూపర్‌వైజరు ఊగిపోయాడు. ప్రతి ట్యాంకు నెత్తిన గాలి ఆడటానికి ఒక గొట్టం ఉంటుంది. దాన్ని చూపించి, "ఈగలు దూరేది ఆడే. పాలిథీన్ కవరు మూడు మడతలేసి గట్టిగా కట్టేయ్" అన్నాడు నాతో.

"అది గాలి గొట్టం అన్నా. మూయకూడదేమో."

"నువ్వెప్పుడప్పా ఇంజినీరు అయింది? కట్టమంటే కట్టు."

తాత చెప్పిన పాఠం బుర్రలో ఉంది. ఉండీ కట్టాను. నిచ్చెన ఎక్కి, మూడు మడతలేసి, పురికొసతో బిగించాను. ట్యాంకు కింద గొట్టం తెరిచి ఉన్నప్పుడు ఏమీ కాలేదు. రెండు రోజులు అలాగే నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం ట్యాంకుని ఆవిరితో కడిగాను. కింది వాల్వు మూశాను. లోపల చల్లనీళ్ళు చిమ్మే వాల్వు తిప్పి నాలుగడుగులు వేశానో లేదో, వెనక ఉరుములాంటి చప్పుడు. తిరిగి చూస్తే మనిషికి మూడింతల ఎత్తున్న స్టీలు ట్యాంకు పక్కటెముకలు విరిగిన గొడ్డులా లోపలికి కుంగిపోయి ఉంది. నిచ్చెన వంకర పోయింది. ఒక్క నిమిషం ముందు ఆ నిచ్చెన పక్కనే ఉన్నాను.

సాయంత్రానికి సూపర్‌వైజరు కాగితం తయారు చేశాడు. "ఆపరేటర్ నిర్లక్ష్యంగా ఆవిరి ఎక్కువ వదలడం వల్ల ట్యాంకు దెబ్బతిన్నది." సంతకం పెట్టమన్నారు. పెడితే ఉద్యోగం పోతుంది, పోలీసు కేసు కూడా అంటున్నారు. పెట్టనన్నాను. రేపు పొద్దున మేనేజరు ముందు తేల్చుకుందామన్నారు.

తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన మళ్ళీ ఆ లెక్చరరు కథే చెప్తాడనుకున్నాను, తప్పయిందని చెప్పి బయటపడమంటాడని. ఆయన ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "రేపు పొద్దన్నే నూనె డబ్బా ఒకటి తీసుకురా. ఖాళీది. రేకుది" అన్నాడు.

మర్నాడు మేనేజరు గదిలో నలుగురమే. మేనేజరు, సూపర్‌వైజరు, నేను, తాత. తాతని పిలవలేదు. స్టవ్వూ ఫ్లాస్కూ మోసుకుని తనే వచ్చాడు. మేనేజరు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆవిరి ఎక్కువైతే ట్యాంకు ఉబ్బల్ల సార్, బయటికి పగలల్ల. ఇది లోపలికి పోయింది" అన్నాడు. అంతకంటే ఉపన్యాసం ఇవ్వలేదు. ఫ్లాస్కులో గుక్కెడు నీళ్ళు పోసి మరిగించాడు. ఆవిరి మూతిలోంచి బుసకొట్టేదాకా ఆగాడు. "ఇప్పుడు లోపల గాలి లేదు సార్, అంతా ఆవిరే." మంట మీంచి దించి, మూతికి కవరు మడతలేసి కట్టాడు. జగ్గుతో చల్లనీళ్ళు పైన పోశాడు. కవరు ఎవరో మింగినట్టు ఫ్లాస్కు లోపలికి దిగిపోయింది. "ఆవిరి సల్లబడి నాలుగు సుక్కలైపోయింది. లోపల ఖాళీ. బయట గాలి తోసింది. ఈ గాజు గుండ్రంగా ఉండాది, తట్టుకుంటాది. రేకు తట్టుకోదు."

తరవాత నూనె డబ్బా. అదే మరగడం, అదే కవరు, అదే చల్లనీళ్ళు. డబ్బా కిర్రుమని మూలిగి, మేనేజరు బల్ల మీదే నడుము విరిగి కూలబడింది.

మేనేజరు కూలిన డబ్బాను వేలితో తట్టి చూశాడు. తరవాత, "అవును, ఇది మాకు కాలేజీలో చెప్పారు" అన్నాడు.

చెప్పారట. చెప్పించుకుని, పట్టా తెచ్చుకుని, గోడకు తగిలించుకుని, కవరు కట్టిన ఆ గొట్టం కింద నుంచి మూడు రోజులు నడిచి వెళ్ళాడు. ఆ పట్టా కంటే నా నూనె డబ్బా నయం.

"అయితే ఆ కవరు ఎవరు కట్టారు?" అన్నాడు.

"నేనే కట్టాను సార్."

"ఎవరు కట్టమన్నారు?"

నేను నోరు తెరిచేలోపే సూపర్‌వైజరు, "నేనైతే సెప్పలేదు సార్. వీడు ఇప్పుడు ఎవరి పేరైనా సెప్తాడు" అన్నాడు. ఓనరు బామ్మర్ది మాటకు ఎదురు ఏం రాయాలో తెలియక మేనేజరు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. నా పేరు తప్ప రాయడానికి ఆయన దగ్గర ఇంకో పేరు లేదు.

అప్పుడు తాత అన్నాడు: "నేను కట్టమన్నాను సార్. ఈగలు పడతా ఉండాయని. పిల్లోడు నా మాట ఇన్నాడు."

అది అబద్ధమని ఆ గదిలో నలుగురికీ తెలుసు. ట్యాంకుల మీద ల్యాబ్ అటెండరుకు ఏం పెత్తనం ఉంటుంది? పైగా అప్పుడే మా కళ్ళ ముందు ఆ కవరు ఏం చేస్తుందో చూపించినవాడు కట్టమంటాడా? కానీ మేనేజరు మొహంలో నిమ్మళం కనిపించింది. గబగబా రాసేశాడు. తాత సంతకం పెట్టే ముందు పెన్ను ఎత్తిపట్టి, "ఆ గొట్టాలన్నిటికీ సన్నటి జల్లెడ పెట్టించండి సార్. కవర్లు ఇప్పుడే ఊడదీయించల్ల. ఈసారి పక్కన మనిషి ఉంటాడు" అన్నాడు. సరేనన్నాకే పెట్టాడు. ఎవరినైనా ఎదిరించి ఆయన ఒక షరతు పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. అదీ తన కోసం కాదు.

నేను అక్కడే ఉన్నాను. "కాదు సార్, ఇతనే కట్టమన్నాడు" అనడానికి ఆరు మాటలు కూడా అక్కర్లేదు. కాగితం మీద కదిలే పెన్నును చూస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఎవరినైతే వంగినవాడని తిట్టానో, ఆయన వీపు చాటున నేను దాక్కున్నాను.

సీజన్ సగంలో ఆయన్ను పంపించేశారు. గేటు దాకా వెంట వెళ్ళాను.

"ఎందుకు తాతా ఇట్లా చేసినావు?"

"నాకింకా రెండు సీజన్లో, మూడో. నీకు నలభై ఉండాయి. ఆ ఓనరు బామ్మర్దితో కొట్లాడి గెలిసేది లేదులే. కవర్లు ఇప్పేసినారు గదా, ఇంగేం!"

"నేను నిజం చెప్తాను."

"సెప్పు. ఎవురొద్దన్నారు?" అన్నాడు. నా మొహం కూడా చూడలేదు. బస్సు వస్తోంది, చెయ్యెత్తాడు.

చెప్పలేదు. ఈ నెల, వచ్చే నెల అని ఏడాది గడిపాను. ఇప్పటికీ మా ట్యాంకుల నెత్తిన జల్లెడలున్నాయి. సూపర్‌వైజరు తనిఖీ వాళ్ళకు వాటిని చూపించి, అది తన ఆలోచనే అంటాడు.

సంతాపసభ అయిన మర్నాడు చిత్తూరు వెళ్ళాను. ఒకటే గది, వెనక వంటిల్లు. వాళ్ళ ఇంటావిడ నన్ను ఎప్పుడూ చూడలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చానంటే లోపలికి రమ్మని, పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. నేను వంటింటి గడప దగ్గర నిలబడ్డాను.

"మీవోళ్ళు నిన్న ఇద్దరు వచ్చి దండేసిపోయినారు నాయనా" అంది. "ట్యాంకు పాడు చేసినా మేమేం మనసులో పెట్టుకోలేదమ్మా అన్నారు. నాకా సంగతే తెలీదు. ఈయప్ప ఒంట్లో బాగలేక మానేసినానని సెప్పినాడు. నలభై ఏండ్లు గాజుతో పనిచేసినోడు, ఇంట్లో ఒక గలాసు పగలగొట్టి ఎరగడు. నిజంగా ఈయప్పే చేసినాడా?"

"లేదవ్వా."

"మరి ఎవురు?"

చెప్పాను. కవరు కట్టమన్నది ఎవరో, కట్టింది ఎవరో, గదిలో నోరు మెదపనిది ఎవరో. ఆమె టీ పొడి డబ్బా మూత తీసి, అలాగే పట్టుకుని విన్నది.

"ఏడాది పొద్దు యాడుండావు నువ్వు?" అంది.

నేను గడప చెక్కను పట్టుకున్నాను.

"ఆయప్ప సచ్చేదాకా కాసుకోనుంటివా?"

"పేపర్లో రాస్తానవ్వా. నా పేరు పెట్టే రాస్తాను."

"రాస్తే నీ ఉద్యోగం?"

"పోతాది."

"పోనీ" అంది.

ఆమె డబ్బాలోంచి పొడి వేయలేదు, పొయ్యి కట్టేయలేదు. గిన్నెలో నీళ్ళు తెర్లుతూ తెర్లుతూ అడుక్కి దిగిపోయాయి. చివరి చుక్క కూడా ఎగిరిపోయి, ఖాళీ గిన్నె మాడు వాసన కొట్టేదాకా ఆమె ఆ పక్క, నేను ఈ పక్క అలాగే నిలబడి ఉన్నాం.